సూత్‌కు అందని తేడా

పల్లి చేలు పీకే రోజులు. వనపర్తి నుంచి పెద్దమందడి పోయే దారిలో ఒక ఎర్ర కారు ముందు ఎడమ చక్రం ఊడి, కారును దాటుకుని, మా వైపు దొర్లుకుంటూ వచ్చింది. మేము ఆ కారుకు కొంచెం ముందు, ట్రాలీ ఆటోలో వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నాం. నా పక్కన మోకాళ్ల మీద నిలబడి కెమెరా పట్టుకున్నవాడే ఆ కారు యజమాని. కారు నడుపుతున్నది కొద్ది రోజుల్లో పెళ్లికొడుకు కాబోతున్న అబ్బాయి. పక్క సీట్లో పెళ్లికూతురు. పైకప్పు లేని కారు కాబట్టి చున్నీ గాలికి లేచేలా పట్టుకోమని మావాడు ఆమెకు చెప్పాడు. ఆమె అలాగే పట్టుకుని నవ్వుతోంది. చక్రం పోయిన సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

చక్రం రోడ్డు దిగి చేలోకి పోయింది. కారు ముందుభాగం ఎడమ పక్కకు కూలబడి, తారును గీరుకుంటూ వచ్చి రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గోడకు తగిలి ఆగింది. తలుపు తెరుచుకుంది. అమ్మాయి కింద పడింది. ఇదంతా జరుగుతున్నంతసేపూ నా పక్కన షట్టర్ చప్పుడు ఆగలేదు. అతను కావాలని తీయలేదు. ఏళ్ల తరబడి లాఠీచార్జీల్లో, బస్సు ప్రమాదాల్లో, వరద నీళ్లలో పనిచేసిన వేలు అది. సంగతి మనసుకు అందేలోపే నొక్కేస్తుంది.

చేలో కాయ తెంపుతున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఒక పెద్దామె అమ్మాయి తలను ఒడిలో పెట్టుకుంది. ఇంకొకామె ఆ చక్రాన్ని దొర్లించుకుంటూ వచ్చి, ఎవరికివ్వాలో తెలియక నాకు అప్పగించింది.

"గింత మంచిగ మెరుస్తుంది. ఎందుకు ఊడిందయ్య ఇది?" అని అడిగింది.

చక్రాన్ని ఆటోలోకి ఎత్తి అమ్మాయి దగ్గరికి పరుగెత్తాను. ఆమె ప్రశ్నకు జవాబు ఇన్నాళ్లకు రాయాలని కూర్చున్నాను గానీ, పూర్తి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.

విలేకరి పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు పెద్ద పెద్ద వార్తల గురించి అడుగుతారు. ఎన్నికల గురించి, ప్రాజెక్టుల గురించి, పెద్ద మనుషుల గుట్ల గురించి. అవన్నీ ఎవరో ఒకరు రాశారు, మీకు దొరుకుతాయి. నాకు మాత్రం ఉద్యోగం చివరి రోజుల్లో రాసిన నాలుగు వాక్యాల చిన్న వార్త ఒకటి తరచూ గుర్తొస్తుంది. అందులో పేర్లు లేవు. ఇందులోనూ ఉండవు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతమంతా నేనూ, ఆ కారు యజమానీ ఒకే పత్రికకు కలిసి తిరిగాం. నేను రాసేవాణ్ణి, అతను ఫొటోలు తీసేవాడు. నా బండి మీద వెనక కూర్చుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "అన్నా, ఆపు, లైటు మంచిగుంది" అనేవాడు. ఆపకపోతే సాయంత్రం దాకా మాట్లాడేవాడు కాదు. వార్త ఎటుపోయినా సరే, లైటు పోకూడదు అతనికి. ఎండిన చెరువు ఫొటో తీయడానికి ఒకసారి పొద్దున పోయి, వెలుతురు ఏటవాలుగా పడేదాకా తిండి లేకుండా నన్ను అక్కడే కూర్చోబెట్టాడు. తిట్టాను. మర్నాడు పేపర్లో ఆ ఫొటో చూసి ఊరుకున్నాను.

తర్వాత ఎడిషన్లు కలిపేశారు. ఫొటోలు రిపోర్టర్లే ఫోన్లో తీసి పంపాలని చెప్పారు. నా ఫోన్లోకి ఒక యాప్ వచ్చింది, అతని ఉద్యోగం పోయింది. అతనికి వేరే పని రాదు. గద్వాలలో పెళ్లి ఫొటోలు తీసే కుర్రాళ్లు డ్రోన్లతో, రంగు పొగలతో తిరుగుతున్నారు. వాళ్ల మధ్య ఇతను మాసిన కెమెరా సంచితో నిలబడితే, పెళ్లివారు పత్రికాయన వచ్చాడని టిఫిన్ పెట్టి పంపించేవారు.

అతని చేతిలో మిగిలింది ఒక్కటే. ఆ ఎర్ర కారు.

అది ఎలా వచ్చిందో చెప్పాలి. గద్వాలలో ఒక డాక్టరు ఉండేవాడు. విదేశంలో చదువుకుని, వచ్చేటప్పుడు రెండు సీట్ల ఇటలీ స్పోర్ట్స్ కారు ఓడలో వేసుకొచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. చూపు తగ్గాక ఆదివారాల్లో మా ఫొటోగ్రాఫరే ఆయన్ని ఆ కారులో కృష్ణ ఒడ్డు దాకా తిప్పి తీసుకొచ్చేవాడు. డాక్టరు పోయాక రాయచూరు నుంచి ఆయన చెల్లెలు వచ్చింది. తుక్కు కింద అమ్మడానికి మనసు రాలేదని, నువ్వైతే తుడుచుకుంటావని చెప్పి కారు అతని పేర రాసిచ్చి పోయింది. అప్పటినుంచి అది రేకుల కొట్టంలో, టార్పాలిన్ కింద, ఇటుకల మీద ఉంది.

పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకోవడం మా దగ్గర కూడా పెళ్లిలో భాగమైపోయింది. జూరాల గేట్ల ముందు, సోమశిల నీళ్ల దగ్గర ప్రతి ముహూర్తాల కాలంలో జంటలు వరస కడుతున్నాయి. డ్రోన్లు అందరికీ ఉన్నాయి. ఇలాంటి కారు మూడు జిల్లాల్లో ఎవరికీ లేదు. కారుతో కలిపి ఫొటోలు అంటే తన దగ్గరికే రావాలి. ఇదీ అతని లెక్క. లెక్క తప్పు కాదు. అయిజ నుంచి ఒక జంట అప్పుడే ఒప్పుకుంది కూడా. కారు నడిస్తే అతని బతుకు మళ్లీ కెమెరాతో నడుస్తుంది. నడవకపోతే కెమెరా అమ్మేయడమే. ఆ మాట అతను నాతో ఏడుస్తూ అనలేదు. టీ తాగుతూ, గ్లాసులోకి చూస్తూ అన్నాడు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఇంజను వనపర్తిలో ఒక ఉస్తాద్ బాగుచేశాడు. బక్కపలచటి మనిషి. బానెట్ ఎత్తగానే కారుతో ఉర్దూలో మాట్లాడటం మొదలుపెట్టేవాడు, మనతో తెలుగులో మాట్లాడేవాడు. ఇంజను పలికింది. బ్రేకులు పట్టాయి. చక్రాల దగ్గర ఆగిపోయింది. కారుతో వచ్చిన అల్లాయ్ చక్రాల్లో రెండింటికి వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయి. వెల్డింగ్ చేయిద్దామని ఫొటోగ్రాఫర్ అడిగితే ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ, ముందు చక్రానికి అతుకు వేసి మనిషిని కూర్చోబెట్టే పని తనతో కాదని చెప్పేశాడు.

ఇక వేరే చక్రాలు వెతకాలి. నాకు అప్పటిదాకా చక్రం గుండ్రంగా ఉంటే చాలనుకునే తెలివే ఉండేది. రిమ్ము సైజు కలిస్తే సరిపోదట. లోతు ఎక్కువైతే టైరు లోపల కడ్డీలకు తగులుతుంది, తక్కువైతే మడ్‌గార్డును రాస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యం బోల్టుల వలయం. నాలుగు బోల్టుల రంధ్రాల్లో ఎదురెదురు రెండింటి మధ్య దూరం కారుకూ చక్రానికీ ఒకటే ఉండాలి. ఉస్తాద్ దాన్ని మాకు తన పద్ధతిలో చెప్పాడు.

"మంచం నాలుగు కాళ్ల మీద ఉండాలె భాయ్. మూడింటి మీదున్నదని చూసేటోనికి తెల్వదు. పండుకున్నోనికి తెలుస్తది."

అదే ఇటలీ కంపెనీ మన దేశంలో చాలాకాలం ఒక చిన్న కారు అమ్మిందనీ, దాని చక్రాలు దీనికి అచ్చంగా కూర్చుంటాయనీ కూడా అతనే చెప్పాడు. ఆ కారు ఇప్పుడు రోడ్ల మీద కనిపించదు. పత్రిక పని ఊరికే పోదు. మండలానికొక మనిషి తెలుసు నాకు. అందరికీ ఫోన్లు చేశాను. తెలకపల్లిలో ఒక రైతు పశువుల కొట్టంలో అలాంటి కారు ఉందని తెలిసింది. ఇద్దరం పోయాం.

ఉంది. కోళ్లు దాని సీట్లలో గుడ్లు పెడుతున్నాయి. చక్రాలు అల్లాయ్‌వే. తెల్లటి పొడి పట్టి, అంచులు గీరుకుపోయి ఉన్నాయి గానీ పగుళ్లు లేవు. రైతు మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి చల్ల ఇచ్చాడు. చక్రాలు ఇవ్వడానికి అతనికి అభ్యంతరం లేదు. కానీ కారు తండ్రి పేర ఉంది, అన్నదమ్ములిద్దరికీ పంపకం కాలేదు. పెద్దమనుషులు కూర్చుని పంచేదాకా ఇంట్లోంచి చెంబు కూడా బయటికి పోకూడదని మాట అయింది.

"చక్రం తీసిన అనుకో సార్, రేపు మా అన్న కారే అమ్ముకున్న అంటడు" అన్నాడు. "పంచాయితి అయిపోనీరి. నేనే తెచ్చి ఇస్త."

ఎప్పుడవుతుందని అడిగితే, ఈ ముహూర్తాలు పోయాక పెద్దమనుషులకు తీరిక దొరుకుతుందని చెప్పాడు. మాకు కావలసింది ఆ ముహూర్తాల కోసమే. ఫొటోగ్రాఫర్ బయటికొచ్చి బండి ఎక్కుతూ, "దొరికిన చక్రాలకు మనుషులు బిగించి ఉన్నరు అన్నా" అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు.

ఆ తర్వాత అతను రోజంతా ఫోన్లో చక్రాల బొమ్మలు చూసేవాడు. కర్నూలులో ఒక పాత సామాన్ల దుకాణంలో నాలుగు చక్రాలు పట్టాడు. సన్నటి ఆకులు, అద్దంలా మెరుపు. పాత ఫొటోల్లో ఆ కారుకు ఉన్నటువంటివే. దుకాణంవాడు అన్ని చిన్న కార్లకూ వస్తాయన్నాడట. అతను వాటిని ఉస్తాద్ షెడ్డులో కారు పక్కన నిలబెట్టి ఫొటో తీసి నాకు పంపాడు. ఫొటోలో కారు ఇవాళ్టిది కాదనిపించింది. అంత బాగుంది.

ఉస్తాద్ ఒక చక్రం ఎత్తి పెట్టాడు. మూడు బోల్టులు చేత్తో తిరిగాయి. నాలుగోది సగంలో ఆగింది. తీసి, మళ్లీ వేరే వరసలో బిగించాడు. ఈసారి వేరే బోల్టు ఆగింది.

"ఒక్కటి మొండికేస్తుంది. పానా అడుగుతుంది" అన్నాడు. "నా మనసుకు వస్తలేదు భాయ్."

కొత్త రంగు రంధ్రంలోకి దిగి ఉంటుందని ఫొటోగ్రాఫర్ అన్నాడు. అదీ జరగని సంగతి కాదు. ఉస్తాద్ తన అనుమానం తానే పట్టుకుని కూర్చోలేదు. పాత చక్రం ఒకటి, కొత్తది ఒకటి ఆటోలో వేసుకుని లేత్ మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాడు. మేమూ వెంట పోయాం.

ఇక్కడ ఒక్క విషయం తెలుసుకోవాలి. మా ప్రాంతంలో లేత్ పనంతా ట్రాక్టర్లది, బోరు మోటార్లది. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని సూత్ అంటారు. మేస్త్రీలు పుట్టి పెరిగింది ఆ కొలతలోనే. ట్రాలీ ఇరుసుకు సూత్ తేడా వచ్చినా వాషర్ వేసి సర్దుకుంటారు. మేస్త్రీ ఉక్కు స్కేలు పాత చక్రం మీద పెట్టాడు. మూడంగుళాల ఏడు సూత్‌లు. కొత్త చక్రం మీద పెట్టాడు. కళ్లు చికిలించి, స్కేలు తిప్పి మళ్లీ పెట్టాడు.

"ఏడే. ఒక్క వెంట్రుక ఎక్కువున్నది. వెంట్రుకకు చక్రం ఊడుతదా ఉస్తాద్? నీకు షక్ ఎక్కువ" అన్నాడు.

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఉస్తాద్ కూడా నవ్వాడు. మధ్య రంధ్రం పెద్దది కావడంతో, చక్రం కూర్చునే హబ్బు ఎక్కడా అడ్డం తగల్లేదు. నాలుగో బోల్టు పానాకు లొంగింది. ఫొటోగ్రాఫర్ గద్వాల నుంచి భార్యను తీసుకొచ్చాడు. ఆమె కారుకు పసుపు కుంకుమ పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు ఉస్తాదే వంగి సర్దాడు. కారు ఎక్కుతుంటే ఫొటోగ్రాఫర్‌కు ఒక మాట చెప్పాడు. అల్లాయ్ చక్రం కొత్తగా బిగించాక కొంత దూరం నడిస్తే బోల్టులు వదులవుతాయి, పెద్దమందడి చేరేలోపే ఒకచోట ఆపి, నాలుగు చక్రాలకూ మళ్లీ పానా పెట్టమన్నాడు. పానా గుడ్డలో చుట్టి సీటు వెనక తానే పెట్టాడు.

ఆ సాయంత్రానికే అయిజ జంట వచ్చింది. అమ్మాయి అయిజలో బ్యూటీపార్లర్ నడుపుతుంది. తన మేకప్ తానే చేసుకుంది. అబ్బాయి విత్తన పత్తి వ్యాపారం. కారు తాళాలు చేతిలో పడగానే వాడి ముఖం చూడాలి. నేను ఆదివారం పేజీకి ఒక కథనం రాద్దామని వెళ్లాను. ఉద్యోగం పోయిన ఫొటోగ్రాఫర్ వెతుక్కున్న కొత్త దారి అని శీర్షిక కూడా మనసులో పెట్టుకున్నాను.

పెద్దమందడి వైపు పోతూ ఉన్నాం. కొంతదూరం పోయాక నేనే అడిగాను, బోల్టులు చూద్దామన్నాడు కదా ఉస్తాద్ అని. అప్పుడు ఎండ చేల మీద బంగారంలా పడుతోంది. పీకిన పల్లి కట్టలు వరసగా పడున్నాయి. అతను ఆకాశం వైపు చూశాడు.

"లైటు పోతది అన్నా. గీ ఒక్క రౌండ్ అయినంక చూస్త."

ఆ రౌండ్ పూర్తి కాలేదు.

అమ్మాయి ఎడమ మోచేయి మోరీ రాయికి తగిలి విరిగింది. దవాఖానలో ఆమె ఏడవలేదు. కనుబొమ్మలు సరిచేసే దారం రెండు చేతులతో లాగాలి కదా, చెయ్యి మళ్లీ సాగుతుందా అని డాక్టరును అడిగింది. డాక్టరు చూద్దాం అన్నాడు. పెళ్లి జరిగింది, కట్టు కట్టిన చేతితోనే. ఫొటోలు వేరేవాళ్లు తీశారు.

ఆ రాత్రి డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. నేను నాలుగు వాక్యాలు రాసి పంపాను. కారు చక్రం ఊడి యువతికి గాయాలు. ఒక ఫొటోగ్రాఫర్‌పై కేసు. అందులో ‘ఒక’ అని రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. కొద్దిసేపటికి మళ్లీ ఫోన్. చక్రం ఊడుతున్నప్పటి ఫొటోలు అతని దగ్గర ఉన్నాయట కదా, మొదటి పేజీకి పనికొస్తాయి, పంపించమనండి అన్నారు. నేను ఠాణా వరండాలో కూర్చున్న అతనికి ఆ మాట చెప్పాను. 

"ఫోన్లో తీస్కొమ్మను అన్నా" అన్నాడు.

మెమరీ కార్డు పోలీసులు తీసుకున్నారు. ఆ ఫొటోల్ని తర్వాత ఒకసారి ఠాణాలో నాకు చూపించారు. చక్రం కారును వదిలి గాలిలో ఉంది. అమ్మాయి నవ్వుతోంది. వెనక చేను, ఏటవాలు ఎండ. అతని బతుకులో అంత మంచి ఫొటో ఇంకొకటి లేదు. ఆ మాట నేను ఇప్పటివరకూ అతనికి చెప్పలేదు.

ఉస్తాద్ ఎక్కడి నుంచో, వెంట్రుకవాసి తేడా కూడా చూపే వెర్నియర్ తెచ్చి ఆ రెండు చక్రాలనూ కొలిచాడు. వలయంలో తేడా రెండు మిల్లీమీటర్లు. సూత్ అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. సూత్ గీతల స్కేలు మీద లెక్కకు వచ్చేంత తేడా కాదు. ఉస్తాద్ వెర్నియర్‌ను పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆ తర్వాత కార్లు పట్టడమే మానేశాడు. ఇప్పుడు ఆటోలే చేస్తున్నాడు. లేత్ మేస్త్రీ మాత్రం పానా పెట్టి ఉంటే ఊడేది కాదని ఈనాటికీ అంటాడు. ఉస్తాద్‌ను అడిగితే, రెండోసారి బిగించినా ఆ చక్రం మూడు కాళ్ల మీదే ఉండేదంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో నాకు తెలియదు. రెండూ నిజమే అయి ఉండొచ్చు. ఫొటోగ్రాఫర్‌కు రెండింటి వల్లా ఒరిగేదేమీ లేదు.

కెమెరా అమ్మేశాడు. ఇప్పుడు ఒక జిరాక్స్ దుకాణంలో తెల్ల గుడ్డ ముందు మనుషుల్ని కూర్చోబెట్టి డ్రైవింగ్ లైసెన్స్ ఫొటోలు తీస్తున్నాడు. దుకాణంవాడి కెమెరా, ట్యూబులైటు వెలుతురు. నేను పోయినప్పుడల్లా టీ తెప్పిస్తాడు. కారు సంగతి తీయడు. ఒకసారి మాత్రం, పక్కనే ఎవరో తలదువ్వుకుంటుండగా, "గా లైటు నిజంగనే మంచిగుండె గదా అన్నా" అన్నాడు. ఉండె అన్నాను.

కారు ఠాణా ఆవరణలో ఉంది. చక్రం పోయిన చోట కింద బండరాయి పెట్టారు. విడిపించుకోవాలంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉండాలన్నారు. రెన్యువల్ కావాలంటే కారు నాలుగు చక్రాల మీద తనిఖీకి రావాలి. ప్రమాదానికి కారణమేమిటో చెప్పమని కోర్టు అడిగితే తనిఖీ అధికారి రాసి పంపాడు. బిగించిన చక్రం ఈ కారుకు సరైనదా కాదా అని తేల్చడానికి ఈ మోడల్ కొలతలు అందుబాటులో లేవని అందులో ఉంది. కేసు వాయిదాల మీద నడుస్తోంది.

పగుళ్లు పడ్డ పాత చక్రాల కొలత చెల్లదన్నారు. పగుళ్లు లేని సరైన చక్రాలు పక్కన పెట్టి చూపిస్తే తేలిపోతుందని ఉస్తాద్ అంటాడు. నేను మొన్న కూడా ఫోన్ చేసి కనుక్కున్నాను. తెలకపల్లిలో అన్నదమ్ముల పంపకం ఇంకా కాలేదు.